స్కూల్ సైకాలజీ ఇంటర్న్‌షిప్: స్టైపెండ్ ఇచ్చే డిస్ట్రిక్టా, దగ్గరుండి నేర్పే డిస్ట్రిక్టా?

ముందు మీ ప్రశ్న క్లుప్తంగా. హైదరాబాద్‌లో సైకాలజీ ఎం.ఏ. చేసి, పెళ్లయ్యాక న్యూజెర్సీ వచ్చారు. ఇక్కడ స్కూల్ సైకాలజీ ప్రోగ్రాంలో కోర్సులు, ప్రాక్టికమ్ (ఇంటర్న్‌షిప్‌కు ముందు చేసే ఫీల్డ్ శిక్షణ) పూర్తికావచ్చాయి. వచ్చే సెప్టెంబర్ నుంచి ఏడాది ఇంటర్న్‌షిప్. రెండు స్కూల్ డిస్ట్రిక్టులు, అంటే ఒక ప్రాంతంలోని పబ్లిక్ స్కూళ్లను నడిపే సంస్థలు, రమ్మంటున్నాయి. ఒకటి స్టైపెండ్ ఇస్తుంది కానీ, "ఎవాల్యుయేషన్లు (పిల్లలకు స్పెషల్ ఎడ్యుకేషన్ అవసరమా అని చేసే పరీక్షలు) చాలా పెండింగ్‌లో ఉన్నాయి, చేతినిండా పని ఉంటుంది" అని ముందే చెప్పింది. రెండోది పైసా ఇవ్వదు, ఎలిమెంటరీ, మిడిల్ స్కూళ్లు రెండింట్లోనూ పని నేర్పిస్తామంటోంది. దేంట్లో చేరాలి, ఏడాదంతా ఏం చేయిస్తారు, తెలుగు వచ్చినందువల్ల ఏమైనా ఉపయోగముందా అని అడిగారు.

నేను న్యూజెర్సీలోనే ఒక పబ్లిక్ స్కూల్ డిస్ట్రిక్టులో చాలా ఏళ్లుగా స్కూల్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. ఇంటర్న్‌లను చూసుకునే బాధ్యత కూడా తరచూ నా మీదే పడుతుంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: స్టైపెండ్ ఎంత, స్కూళ్లు ఎన్ని అన్నవి తర్వాత చూసుకోవచ్చు. మీరు రాసిన రిపోర్టు ఎవరు చదువుతారు, చదివాక మీతో కూర్చుని మాట్లాడే తీరిక వాళ్లకు ఉందా, లేదా? అది తేలితే మిగతావన్నీ తేలతాయి.

ఈ దారి గురించి తెలియనివాళ్ల కోసం లెక్క ఒకసారి చెబుతాను. స్కూల్ సైకాలజిస్టుల జాతీయ సంఘాన్ని మేమంతా నాస్ప్ అంటాం. దాని 2020 ప్రమాణాల ప్రకారం స్పెషలిస్ట్ స్థాయి చదువుకు కనీసం మూడేళ్లు, 60 గ్రాడ్యుయేట్ క్రెడిట్లు, చివర్లో 1200 గంటల ఇంటర్న్‌షిప్ కావాలి. ఆ 1200లో కనీసం 600 గంటలు స్కూల్లోనే జరగాలి. డాక్టరేట్ చేసేవాళ్లకు మొత్తం ఇంటర్న్‌షిప్ 1500 గంటలు. న్యూజెర్సీ సర్టిఫికెట్ కాగితాల్లో దీన్ని ఎక్స్‌టర్న్‌షిప్ అంటారు, రెండూ ఒకటే, కంగారు పడొద్దు. ఇండియాలో చేసిన ఎం.ఏ. ఉంది కదా, నేరుగా ఇంటర్న్‌షిప్‌లో చేరొచ్చా అని నన్ను చాలామంది అడుగుతుంటారు. కుదరదు. కొన్ని క్రెడిట్లు యూనివర్సిటీ ఒప్పుకుంటే కలుస్తాయేమో గానీ, పిల్లల పరీక్షలు, స్పెషల్ ఎడ్యుకేషన్ చట్టం, ప్రాక్టికమ్ ఇక్కడ చదవాల్సిందే. రోవన్, రైడర్, కీన్ లాంటి యూనివర్సిటీల్లో ఈ ప్రోగ్రాములు ఉన్నాయి.

1200 గంటలంటే వినడానికి సులువుగానే ఉంటుంది. న్యూజెర్సీ స్కూలు ఏడాది 180 రోజులు. రోజుకు ఏడు గంటలు వేసుకుంటే మొత్తం 1260. అంటే మీ చేతిలో మిగిలేది ఎనిమిది, తొమ్మిది రోజులే. మీకు జ్వరమొచ్చినా, పిల్లాడికి జ్వరమొచ్చినా అందులోంచే పోవాలి. జనవరిలో చెల్లెలి పెళ్లికని మూడు వారాలు విజయవాడ వెళ్లొస్తామంటే జూన్‌లో సంతకం పెట్టేవాళ్లు ఉండరు, స్కూలే మూసేస్తారు. పూర్తి టైం కష్టమైతే సగం టైం చొప్పున వరుసగా రెండేళ్లు చేసే వీలు కూడా ఉంది. చంటిపిల్లలున్నవాళ్లు ఆ దారి పడుతుంటారు. అందుకు యూనివర్సిటీ, డిస్ట్రిక్టు రెండూ ముందే ఒప్పుకోవాలి, మధ్యలో మార్చుకుంటానంటే కుదరదు.

వీసా సంగతి మీరు రాయలేదు, అయినా చెప్పాలి. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద చదువుతుంటే ఇంటర్న్‌షిప్‌కు సీపీటీ (చదువులో భాగంగా పనిచేసే అనుమతి) తీసుకోవాలి. ఒకే స్థాయి చదువులో పూర్తి టైం సీపీటీ 12 నెలలు వాడేస్తే తర్వాత ఓపీటీ (చదువయ్యాక పనిచేసే అనుమతి) రాదు. సెప్టెంబర్ నుంచి జూన్ వరకు పది నెలలే కాబట్టి సాధారణంగా ఇబ్బంది ఉండదు. కానీ అంతకుముందు వేసవిలో ఎక్కడైనా పూర్తి టైం సీపీటీ వాడి ఉంటే రెండూ కలిపి లెక్కేసుకోండి. మీవారి హెచ్-1బీ మీద వచ్చిన హెచ్-4 అయితే ఈఏడీ కార్డు (పనిచేసే అనుమతి) ఉందా లేదా అన్నది చూసుకోవాలి. మీవారి ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెట్టే పిటిషన్) అప్రూవ్ అయి ఉంటే 2015 నుంచి ఆ అవకాశం ఉంది. కార్డు గడువు స్కూలు ఏడాది మధ్యలో ముగిసేలా ఉంటే, గడువుకు 180 రోజుల ముందే రెన్యువల్‌కు అప్లై చేయొచ్చు, ఆ తేదీని వదులుకోవద్దు. ఇంకొకటి: "జీతం లేదు కదా, వీసాతో పనేముంది" అనుకోకండి. జీతం లేని పనిని కూడా పనిగానే లెక్కగట్టే సందర్భాలున్నాయి. యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసు నుంచి మెయిల్‌లో జవాబు తీసుకుని దాచుకోండి. నోటిమాట మీద చేరొద్దు.

డబ్బు సంగతికి వస్తే, ఒహాయోలో ఇంటర్న్‌ల కోసం రాష్ట్ర ప్రభుత్వమే నిధులిస్తుంది. ఇక్కడ అలాంటిది లేదు, డిస్ట్రిక్టు ఎంత ఇస్తే అంత. చాలాచోట్ల ఏమీ ఇవ్వరు. అందుకే స్టైపెండ్ అనగానే మనసు లాగుతుంది, ఒక జీతం మీద ఇల్లు నడుస్తున్నప్పుడు లాగడంలో తప్పేమీ లేదు. కానీ ఆ డిస్ట్రిక్టు ఎందుకు ఇస్తోందో ఆలోచించండి. నాస్ప్ లెక్కలో 500 మంది పిల్లలకు ఒక స్కూల్ సైకాలజిస్టు ఉండాలి. దేశం మొత్తం మీద సగటు చూస్తే ఒక్కొక్కరి మీద దానికి రెండింతల కంటే ఎక్కువమంది పిల్లలున్నారు. ఖాళీలు నిండటం లేదు, రిఫరల్స్ (ఫలానా పిల్లాడిని పరీక్షించమని వచ్చే అభ్యర్థనలు) ఆగడం లేదు. గడువులేమో చట్టంలో ఉన్నాయి. న్యూజెర్సీలో రిఫరల్ అందిన 20 రోజుల్లో మీటింగ్ పెట్టాలి. తల్లిదండ్రులు ఒప్పుకుని సంతకం పెట్టిన రోజు నుంచి 90 రోజుల్లో పరీక్షలు, స్పెషల్ ఎడ్యుకేషన్‌కు అర్హత నిర్ణయం, ఐఈపీ (ఆ ఒక్క పిల్లాడి కోసం రాసే విద్యా ప్రణాళిక) అన్నీ పూర్తై అమల్లోకి రావాలి. అర్హత మీటింగ్‌కు కనీసం పది రోజుల ముందు రిపోర్టులు తల్లిదండ్రుల చేతిలో ఉండాలి. ఈ గడువుల మధ్య నలుగుతున్న డైరెక్టరుకు, పరీక్షలు పెట్టడం వచ్చిన ఇంటర్న్ దొరికితే ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది.

అలాంటి చోట మీకు టెస్టింగ్ బాగా వస్తుంది. అబద్ధం చెప్పను, చేయి తిరుగుతుంది. కానీ స్కూల్ సైకాలజిస్టు పనికి నాస్ప్ పది విభాగాలు పెట్టింది, టెస్టింగ్ వాటిలో ఒక దాంట్లో భాగం మాత్రమే. టీచర్లతో కూర్చుని క్లాసులో ఏం మార్చాలో తేల్చడం, కౌన్సెలింగ్, ప్రవర్తన ప్లాన్లు, సంక్షోభంలో ఉన్న పిల్లలను చూసుకోవడం, ఇంటికీ స్కూలుకీ మధ్య మాట్లాడటం, ఇవన్నీ మిగతావి. ఇంటర్న్‌షిప్‌లో అలవడనివి ఉద్యోగంలో చేరాక నేర్చుకోవడం కష్టం. అప్పుడు పక్కన సూపర్‌వైజర్ ఉండరు, మీ పేరు మీద కేసులు మాత్రం ఉంటాయి.

కాబట్టి రెండు డిస్ట్రిక్టులనూ ఒకే ప్రశ్నలు అడగండి. నాకు సూపర్‌వైజర్ ఎవరు? ఆ వ్యక్తి ఏ భవనంలో కూర్చుంటారు? పూర్తి టైం ఇంటర్న్‌కు వారానికి రెండు గంటల సూపర్‌విజన్ ఉండాలి కదా, ఏ రోజు, ఏ గంట? కారిడార్‌లో నడుస్తూ "అంతా బాగానే ఉందా?" అని అడగడం సూపర్‌విజన్ కాదు. మీరు ఎవరైనా వెళ్లిపోయిన ఖాళీలోకి వెళ్తున్నారా, లేక ఉన్న టీమ్‌కు అదనంగా వెళ్తున్నారా? పోయినేడు ఇంటర్న్ ఎవరైనా ఉంటే వాళ్లతో ఒక్కసారి మాట్లాడొచ్చా? పేర్లు చెరిపేసిన రిపోర్టు ఒకటి చూపిస్తారా? ఈ చివరిది అడగడానికి మొహమాటపడతారు, పడొద్దు. ఆ రిపోర్టు పద్ధెనిమిది పేజీలుండి, పిల్లాడి గురించి ఒక్క వాక్యం కూడా గుర్తుండకపోతే, అక్కడ మీకు నేర్పేదీ అదే.

న్యూజెర్సీకే చెందిన ఇంకో సంగతి. ఇక్కడ చైల్డ్ స్టడీ టీమ్ అని ముగ్గురు ఉంటారు: సైకాలజిస్ట్, లెర్నింగ్ కన్సల్టెంట్, సోషల్ వర్కర్. చదవడం, రాయడం, లెక్కల పరీక్షలు లెర్నింగ్ కన్సల్టెంట్ చేస్తారు. తెలివితేటలు, ప్రవర్తన, భావోద్వేగాలు మన వంతు. కుటుంబ నేపథ్యం సోషల్ వర్కర్ వంతు. పని హాయిగా పంచుకున్నట్టు ఉంటుంది కానీ, వేరే రాష్ట్రాల్లో చాలాచోట్ల చదువు పరీక్షలు కూడా సైకాలజిస్టే చేయాలి. రేపు మీవారికి టెక్సస్‌లోనో నార్త్ కరోలినాలోనో ఉద్యోగమొస్తే, విద్యా నైపుణ్యాల పరీక్ష ఒక్కటి కూడా సొంతంగా చేయని సర్టిఫికెట్‌తో వెళ్తారు. అందుకే లెర్నింగ్ కన్సల్టెంట్‌ను బతిమాలుకునైనా కొన్ని కేసుల్లో ఆ పరీక్షలు మీరే చేయండి. నేను చూసుకునే ఇంటర్న్‌లందరికీ ఇది తప్పనిసరి చేశాను. మొదట్లో విసుక్కుంటారు.

ఇక ఏడాది ఎలా సాగుతుందంటే, సెప్టెంబర్ అంతా చూడటమే. స్కూలు ఎలా నడుస్తుందో, టీచర్స్ రూమ్‌లో ఎవరు ఎవరితో మాట్లాడతారో, ప్రిన్సిపాల్ ఎలాంటి మనిషో. ఫైళ్లు చదవడం, ఐ అండ్ ఆర్ఎస్ కమిటీలో వెనక కూర్చుని వినడం. స్పెషల్ ఎడ్యుకేషన్ దాకా వెళ్లకముందే మామూలు క్లాసులోనే పిల్లలకు సాయం చేయడానికి ఉన్న కమిటీ అది. కొత్తవాళ్లు దాన్ని తేలిగ్గా తీసుకుంటారు గానీ, నన్నడిగితే సైకాలజిస్టు అసలు ఉపయోగం అక్కడే ఉంది. అక్టోబర్‌కల్లా రిఫరల్స్ మొదలవుతాయి. నవంబర్‌లో టీచర్, పేరెంట్ మీటింగులు అవగానే ఒక్కసారిగా వచ్చి పడతాయి. చలికాలం అంతా పరీక్షలు, రిపోర్టులు. మూడేళ్లకోసారి చేయాల్సిన రీఎవాల్యుయేషన్లు కూడా అప్పుడే. మార్చి నుంచి మే వరకు ఐఈపీ వార్షిక సమీక్షలు వరసగా ఉంటాయి, న్యూజెర్సీలో సైకాలజిస్టే చాలామంది పిల్లలకు కేస్ మేనేజర్ కాబట్టి ఆ మీటింగులన్నీ మనమే నడపాలి. ఫిబ్రవరి తర్వాత ఒక చిన్న కేస్‌లోడ్ మీకే అప్పగించే చోటు మంచిది. మొదటి వారమే అప్పగిస్తే అనుమానించండి.

టెస్టింగ్ గురించి ఒక మాట. క్లాసులో స్నేహితుల మీద ప్రాక్టీస్ చేసిన పరీక్షకూ, ఏడేళ్ల పిల్లాడి ముందు పెట్టే పరీక్షకూ పోలికే ఉండదు. నేను ఇంటర్న్ పక్కన కూర్చున్నప్పుడు ఏం చూస్తానో చెబుతాను. పిల్లల తెలివితేటల పరీక్ష విస్క్-5లో అంకెలు వినిపించి తిరిగి చెప్పించే భాగం ఉంది. సెకనుకు ఒక అంకె చొప్పున, విడివిడిగా చదవాలి. ఇంటర్న్ తెలియకుండానే ఫోన్ నంబరు చెప్పినట్టు మూడు, మూడు కలిపి చదివేస్తుంది. అలా గుంపులుగా చదివితే గుర్తుపెట్టుకోవడం తేలికైపోతుంది, స్కోరు పెరుగుతుంది. పిల్లాడు సరైన జవాబు చెప్పగానే ముఖం వెలిగిపోయి "గుడ్ జాబ్" అంటుంది, తర్వాత తప్పు చెప్పినప్పుడు మౌనంగా ఉంటుంది. రెండుసార్లకే పిల్లాడు కనిపెట్టేస్తాడు. ఇక ప్రతి జవాబు చెప్పాక ఆవిడ ముఖంలోకి చూస్తాడు. కష్టపడుతున్నందుకు మెచ్చుకోవచ్చు, జవాబు తప్పో ఒప్పో తెలిసేలా మెచ్చుకోకూడదు. స్టాప్‌వాచ్ బల్ల మధ్యలో పెడితే కొందరు పిల్లలు దాన్నే చూస్తూ చెమటలు పట్టేసుకుంటారు. చేతికింద, కనపడీ కనపడకుండా ఉంచుకోవాలి. పిల్లాడు చెప్పింది చెప్పినట్టు, పదం కూడా మార్చకుండా రాసుకోవాలి. స్కోర్లు రెండుసార్లు కూడాలి. పుట్టినతేదీ నుంచి వయసు లెక్కగట్టడంలో నెల తప్పితే వేరే వయసు పట్టికలో చూసేస్తారు, తర్వాత రిపోర్టు మొత్తం తప్పే.

ప్రశ్నలు ఇక్కడ రాయను, ఎవరూ రాయకూడదు. మనవాళ్లలో కొందరు గిఫ్టెడ్ ప్రోగ్రాం కోసం ఈ పరీక్షలకు పిల్లలను ముందే తయారుచేయాలని చూస్తుంటారు. మీరు స్కూల్ సైకాలజీ అని తెలిసిన రోజు నుంచి "ఆ టెస్టులో ఏం అడుగుతారండీ" అని పార్టీల్లో అడుగుతారు. నవ్వేసి పప్పు వడ్డించుకోండి.

రిపోర్టు రాయడం దగ్గరే ఇంటర్న్‌షిప్ విలువ తేలుతుంది, అందుకే దీని మీద కాస్త ఎక్కువ చెబుతాను. మూడో తరగతి పిల్లాడి గురించి ఇంటర్న్ మొదటి డ్రాఫ్ట్‌లో సాధారణంగా ఇలాంటి వాక్యం ఉంటుంది: "ప్రాసెసింగ్ స్పీడ్ ఇండెక్స్‌లో విద్యార్థికి 82 స్కోరు వచ్చింది, ఇది 12వ పర్సంటైల్, లో యావరేజ్ శ్రేణిలో ఉంది." తప్పేమీ లేదు. సగటు 100, అటూ ఇటూ 15 అన్న లెక్కలో 82 అంటే అంతే. కానీ మంచి సూపర్‌వైజర్ దాని పక్కన మార్జిన్‌లో "అయితే?" అని రాస్తారు. టీచరుకు దీంతో ఏం తెలిసింది? తల్లికి ఏం తెలిసింది? అప్పుడు ఇంటర్న్ మళ్లీ క్లాసులోకి వెళ్లి కూర్చుంటుంది. రెండో డ్రాఫ్ట్ ఇలా వస్తుంది: "బోర్డు మీదున్నది చూసి నోట్‌బుక్‌లో ఎత్తిరాసుకోవడానికి అతనికి తోటి పిల్లలకంటే ఎక్కువసేపు పడుతోంది. మ్యాథ్ క్లాసులో గమనించినప్పుడు మిగతా పిల్లలు ఐదో లెక్కలో ఉండగా అతను రెండోది రాసుకుంటున్నాడు. అప్పటికి చేసిన లెక్క కరెక్టే. కాగితం, పెన్సిల్‌తో వేగంగా చేయాల్సిన పరీక్షల్లో కూడా ఇదే కనిపించింది, స్కోరు 82, 12వ పర్సంటైల్." ఇప్పుడు సిఫార్సు దానంతటదే వస్తుంది. ఎక్స్‌ట్రా టైం ఒక్కటే సరిపోదు, లెక్కలు ముందే ప్రింట్ చేసిన షీటు ఇవ్వాలి, ఎత్తిరాసే పని తగ్గించాలి. పిల్లాడు లెక్కల్లో వెనకబడ్డాడు అనుకుంటున్న టీచరు, ఆ పేరా చదివాక మరోలా చూస్తుంది. "అయితే?" అని అడిగే మనిషి లేని చోట మీరు మొదటి వాక్యమే ఏడాదంతా రాస్తారు. కంప్యూటర్ ప్రోగ్రాం కూడా అదే వాక్యం రాసిపెడుతుంది, మీ అవసరమే లేదు.

స్కోర్లు అతికించి రిపోర్టు నింపేసే అలవాటు ఒకసారి పట్టుకుంటే వదలదు. తొందరలో పాత రిపోర్టు మీద కొత్తది రాసేవాళ్లున్నారు. ఇంకో పిల్లాడి పేరు ఎక్కడో పదకొండో పేజీలో మిగిలిపోతుంది. తల్లిదండ్రులు మొదట చూసేది అదే, ఆ తర్వాత మీరు ఏం చెప్పినా నమ్మరు.

తెలుగు రావడం ఉపయోగమా అన్నారు. ఉపయోగమే, కానీ మీరు అనుకునే చోట కాకపోవచ్చు. స్పెషల్ ఎడ్యుకేషన్ చట్టం, 1975లో మొదలై తర్వాత ఐడియా అని పేరు మార్చుకున్నది, వీలైనంతవరకు పిల్లల సొంత భాషలోనే పరీక్షించమంటుంది. ఇంగ్లీషు సరిగా రాకపోవడమే అసలు కారణమైతే ఆ పిల్లలకు వైకల్యం ఉందని తేల్చకూడదంటుంది. దీని వెనక చరిత్ర ఉంది. స్పానిష్ మాట్లాడే పిల్లలకు కాలిఫోర్నియాలో ఇంగ్లీషులో ఐక్యూ పరీక్షలు పెట్టి మందబుద్ధుల తరగతుల్లో వేస్తుంటే, 1970లో డయానా కేసు అక్కడి విధానాన్ని మార్చింది. అలాగని విస్క్ తీసుకుని ప్రశ్నలను అక్కడికక్కడే తెలుగులో అడగొద్దు. నార్మ్స్ (అదే వయసు పిల్లల స్కోర్లతో పోల్చే పట్టికలు) ఇంగ్లీషు ప్రశ్నలకు ఉన్నాయి, మీ అనువాదానికి లేవు. మాటల అవసరం తక్కువున్న యూనిట్ (UNIT), లైటర్ (Leiter) లాంటి పరీక్షలు ఇందుకే ఉన్నాయి, వాటిని కూడా ఒంటరిగా నమ్మకూడదు.

మీ తెలుగు అక్కరకొచ్చేది ఇంటివాళ్లతో మాట్లాడేటప్పుడు. ఏడాది కిందట గుంటూరు నుంచి వచ్చిన మూడో తరగతి పిల్లాడు అనుకోండి. ఆటస్థలంలో ఇంగ్లీషు గడగడా మాట్లాడుతున్నాడు, పుస్తకం తీస్తే అర్థం కావడం లేదు. టీచరు "మాట్లాడటం వచ్చు కదా, మరి చదవడంలోనే ఏదో సమస్య ఉంది" అంటుంది. మాట్లాడే ఇంగ్లీషు రెండేళ్లలో వచ్చేస్తుంది, పాఠం చదివి అర్థం చేసుకునే ఇంగ్లీషుకు ఐదు నుంచి ఏడేళ్లు పట్టొచ్చు అని రెండు భాషల పిల్లల మీద పరిశోధన చేసిన జిమ్ కమ్మిన్స్ ఎప్పుడో చెప్పాడు. అయినా నిజంగా డిస్‌లెక్సియా ఉన్న పిల్లాడిని "ఇంగ్లీషు వచ్చాక సర్దుకుంటుందిలే" అని మూడేళ్లు ఆపేయడం కూడా అన్యాయమే. ఏది నిజమో ఎలా తెలుస్తుంది? అక్కడ ఎల్‌కేజీలో తెలుగు అక్షరాలు దిద్దేటప్పుడు ఎలా ఉండేది, గుణింతాలు వచ్చాయా, మాటలు ఎప్పుడు వచ్చాయి, స్కూల్లో జరిగింది ఇంటికొచ్చి వరసగా చెబుతాడా అని అడగాలి. అమ్మ "బాగానే చెబుతాడండీ" అంటుంది. పక్కనున్న అమ్మమ్మ "ఎక్కడ చెబుతాడు, అన్నీ అటూ ఇటూ చేసేస్తాడు, వాడి చెల్లెలే నయం" అంటుంది. ఇంగ్లీషులో జరిగే ఇంటర్వ్యూలో అమ్మమ్మ నోరు విప్పదు. ఆ ఒక్క వాక్యంతో, పిల్లాడి ఇబ్బంది తెలుగులో కూడా ఉందేమోనని వెతకడం మొదలుపెట్టొచ్చు.

అయితే ఒక జాగ్రత్త. మీరు తెలుగువారని తెలిస్తే డిస్ట్రిక్టు మిమ్మల్ని ఫ్రీ ఇంటర్‌ప్రెటర్‌గా వాడుకుంటుంది. ఒకే మీటింగులో సైకాలజిస్టుగా అభిప్రాయం చెబుతూ, అదే మీటింగును అనువదించడం కుదిరే పని కాదు. తండ్రి "అంటే మావాడికి మెంటల్ అంటున్నారా?" అని గొంతు పెంచినప్పుడు, ఆ మాటను టీమ్‌కు ఇంగ్లీషులో చెప్పాలా, ఆయనకు జవాబివ్వాలా? ఇంటర్‌ప్రెటర్ వేరే ఉండాలి, ఏర్పాటు చేయాల్సింది డిస్ట్రిక్టు. మీరు ఆయన వైపు తిరిగి, మెల్లగా, వాడు ఏమేం బాగా చేస్తాడో ముందు చెప్పి, ఎక్కడ ఆగిపోతున్నాడో చెప్పడానికి ఖాళీగా ఉండాలి. మన తల్లిదండ్రులు ఎక్కువమంది మొదట ఐక్యూ నంబర్ అడుగుతారు, తర్వాత "ఇది రికార్డులో ఉంటుందా, కాలేజీకి తెలుస్తుందా" అని అడుగుతారు. ఆ రెండో ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పండి: స్కూలు రికార్డులు 1974 నాటి ఫెర్పా అనే గోప్యత చట్టం కింద ఉంటాయి, మామూలుగా కాలేజీలకు ఐఈపీ పంపరు. ఆ భయం తీరితేనే మిగతాది వినగలుగుతారు.

ఎడిసన్ చుట్టుపక్కల మన ఊళ్లు చిన్నవి. మీటింగులో కన్నీళ్లు పెట్టుకున్న తల్లి శనివారం ఇండియన్ స్టోర్‌లో కూరగాయల దగ్గర ఎదురవుతుంది, బతుకమ్మలో పక్కనే ఆడుతుంది. ఆవిడ పలకరిస్తే పలకరించండి, స్కూలు మాట మీరు ఎత్తొద్దు. తెలిసిన కుటుంబం పిల్లాడి కేసు వస్తే ఆ రోజే సూపర్‌వైజర్‌కు చెప్పి వదిలేసుకోండి. "మనవాళ్లే కదా, నేనైతే బాగా చూస్తాను" అనిపిస్తుంది. వద్దు.

కౌన్సెలింగ్ గురించి రెండు మాటలే. చిన్న గుంపులతో, స్పష్టమైన లక్ష్యంతో మొదలుపెట్టండి. చనిపోవాలనుందని ఏ పిల్లైనా చెబితే, లేదా రాస్తే, మీరు ఇంటర్న్ కాబట్టి ఒంటరిగా నిర్ణయం తీసుకోకూడదు. ఆ పిల్లను ఒంటరిగా వదలకుండా, అప్పటికప్పుడు సూపర్‌వైజర్‌ను పిలిపించండి. ఇంట్లో పిల్లలను కొడుతున్నారని, హింసిస్తున్నారని సహేతుకమైన అనుమానం వస్తే న్యూజెర్సీలో ఎవరైనా సరే రిపోర్ట్ చేయాల్సిందే, "మన ఇళ్లల్లో మామూలే" అన్న మాట అక్కడ చెల్లదు. ఇలాంటి సమయంలో ఎవరికి ఫోన్ చేయాలో, వాళ్లు లేకపోతే ఇంకెవరికో మొదటి వారంలోనే రాయించుకుని పెట్టుకోండి.

పరీక్ష సంగతి: స్కూల్ సైకాలజిస్టుల జాతీయ సర్టిఫికెట్ ఎన్‌సీఎస్‌పీకి ప్రాక్సిస్ 5403 అనే పరీక్షలో 155 స్కోరు రావాలి. రేపు రాష్ట్రం మారాల్సి వస్తే ఆ సర్టిఫికెట్ చాలాచోట్ల పని తేలిక చేస్తుంది, న్యూజెర్సీలోనే ఉంటాను కదా అని వదిలేయొద్దు. మార్చి తర్వాత తల ఎత్తే తీరిక ఉండదు కాబట్టి క్రిస్మస్ సెలవుల్లో చదివి జనవరిలో రాసేయండి. గంటల లాగ్ ఏ వారానికి ఆ వారం నింపి సంతకం తీసుకోండి. ఏప్రిల్‌లో కూర్చుని అక్టోబర్ సంగతి గుర్తుచేసుకోలేరు, సూపర్‌వైజర్ మధ్యలో ఉద్యోగం మారితే సంతకం కోసం తిరగలేరు. వేలిముద్రలు, టీబీ పరీక్ష ఆగస్టు మొదట్లోనే పూర్తి చేసుకోండి, ఆ కాగితాలు రాకపోతే భవనంలో అడుగు పెట్టనివ్వరు, ఆ రోజుల గంటలు పోయినట్టే.

మీ రెండు డిస్ట్రిక్టుల మాటకు వస్తే, స్టైపెండ్ ఇచ్చే చోట సూపర్‌వైజర్ ఎవరో పేరు చెప్పి, వారంలో ఫలానా రోజు ఫలానా గంట అని మెయిల్‌లో రాసిచ్చి, కౌన్సెలింగ్ గుంపు ఒకటైనా మీకిస్తామంటే దాంట్లోనే చేరండి. డబ్బూ వస్తుంది, చేయీ తిరుగుతుంది. "అది సెప్టెంబర్‌లో చూసుకుందాం" అంటే రెండోదాన్ని అడగండి. వాళ్లు కూడా అదే మాటంటే రెండింటికీ ఇంకా జవాబివ్వకుండా మీ యూనివర్సిటీ ఫీల్డ్ కోఆర్డినేటర్‌తో మాట్లాడండి. ఖాళీలు మే నెలలో కూడా తెరుచుకుంటుంటాయి.